ఒక్కో స్వరంగా కట్టిన బాఖ్: ‘స్విచ్డ్ ఆన్ బాఖ్’ పై పాఠకుల ప్రశ్నలు

వెండీ కార్లోస్ తొలి ఆల్బమ్ ‘స్విచ్డ్ ఆన్ బాఖ్’ 1968 అక్టోబరులో కొలంబియా మాస్టర్‌వర్క్స్ లేబుల్‌పై వచ్చింది. 18వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాఖ్ రచనలను మోగ్ మాడ్యులర్ సింథసైజర్ (విద్యుత్ సర్క్యూట్లతో ధ్వని పుట్టించే వాద్యం) మీద వాయించి, ఎనిమిది ట్రాకుల టేపు మీద పేర్చిన రికార్డు అది. దాని గురించి మాకు చేరిన ప్రశ్నల్లో, వినేవారికీ, స్వయంగా చేసి చూడాలనుకునేవారికీ పనికొచ్చే వాటిని ఈసారి తీసుకున్నాం.

ప్రశ్న: స్వరాలన్నీ బాఖ్ ఎప్పుడో రాసిపెట్టాడు. వాయించడానికి కీబోర్డూ ఉంది. మరి నలభై నిమిషాల రికార్డుకు నెలల తరబడి పని ఎందుకు పట్టింది?

ఆ కీబోర్డు మీద ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది కాబట్టి. రెండు మీటలు కలిపి నొక్కినా వినపడేది ఒకటే. మూడు స్వరాలు ఒకేసారి మోగే కార్డ్ కావాలంటే మూడుసార్లు వాయించి, మూడు ట్రాకుల మీద ఎక్కించాలి. పైగా ఒక్కో ధ్వనిని తీగలతో మాడ్యూళ్లను కలిపి తయారుచేసుకోవాలి. ధ్వని పుట్టించే ఆసిలేటర్ నుంచి దాని రంగు మార్చే ఫిల్టర్‌కు, అక్కడి నుంచి ఆంప్లిఫయర్‌కు తీగలు వేసి, ఎన్వలప్ (స్వరం ఎలా లేచి ఎలా తగ్గాలన్న అమరిక) కాలాలు నాబ్‌లతో సరిచేసుకోవాలి. ఆ అమరికను దాచుకునే మెమరీ అందులో లేదు. తీగలు పీకేస్తే ఆ ధ్వని పోయినట్టే. మళ్లీ కావాలంటే కాగితం మీద రాసుకున్న గుర్తులే దిక్కు. ఈ పనంతటికీ సుమారు ఐదు నెలలు, వెయ్యి గంటలు పట్టాయని లెక్క.

టేపు దగ్గర ఇంకో చిక్కు ఉంది. టేపు యంత్రంలో చెరిపే హెడ్, రికార్డు చేసే హెడ్, వినిపించే హెడ్ వరుసగా ఉంటాయి. రికార్డు హెడ్‌కూ వినిపించే హెడ్‌కూ మధ్య రెండు అంగుళాల దూరం ఉందనుకుందాం. టేపు సెకనుకు 15 అంగుళాల వేగంతో నడిస్తే, మొదటి ట్రాక్ చెవిని చేరేసరికి సుమారు 0.13 సెకను గడిచిపోతుంది. దాన్ని వింటూ రెండో ట్రాక్ వాయిస్తే అది అంత వెనకబడి టేపు మీద పడుతుంది. చురుకైన నడకలో అది దాదాపు ఒక పదహారో వంతు స్వరం, అంటే ఒక బీట్‌లో నాలుగో భాగం. బాఖ్‌లో అంత తేడా వస్తే సంగీతం కుప్పకూలినట్టే. అందుకే పాత ట్రాకును రికార్డు హెడ్ మీదుగానే వింటూ కొత్తది ఎక్కించే పద్ధతి వచ్చింది. ఆంపెక్స్ దీన్ని సెల్-సింక్ అంది. అలా వినేటప్పుడు హెచ్చు పౌనఃపున్యాలు మందగిస్తాయి. కానీ అది వాయించేవారికి ఆనవాలు మాత్రమే. చివరి మిక్స్ అసలు హెడ్ నుంచే తీసుకుంటారు. కార్లోస్ వాడిన ఎనిమిది ట్రాకుల యంత్రం ఆమె ఆంపెక్స్ భాగాలతో స్వయంగా కూర్చుకున్నదే. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో సంగీతంతోపాటు భౌతికశాస్త్రం చదివి, తర్వాత న్యూయార్క్‌లో రికార్డింగ్ ఇంజనీరుగా పనిచేసిన మనిషికి అది సాధ్యపడింది.

సమయం పట్టడానికి అన్నిటికన్నా పెద్ద కారణం మాత్రం వాయింపే. ఆమె కోసం ఆ సింథసైజర్ రూపకర్త రాబర్ట్ మోగ్ మీట పడే వేగాన్నీ, నొక్కిన లోతునూ గుర్తించే ప్రత్యేక కీబోర్డు తయారుచేశారు. ప్రతి స్వరం ఎంత పొడుగుండాలి, ఎక్కడ తెగాలి, ఏది బరువుగా పడాలి అన్నది వేళ్లతో నిర్ణయించి, నచ్చకపోతే చెరిపి మళ్లీ వాయించాలి. ఇదే మోగ్ యంత్రంతో 1969 నుంచి కుప్పలుగా వచ్చిన రికార్డుల్లో చాలావాటిలో ఆ శ్రమ కనపడదు. అవి ఇప్పుడు వింటే యంత్రం గుర్తుకొస్తుంది. దీన్ని వింటే బాఖ్ వినపడతాడు. నిర్మాతగా రేచెల్ ఎల్కైండ్, సంగీత శాస్త్రం తెలిసిన సహాయకుడిగా బెంజమిన్ ఫోక్‌మన్ ఈ పనిలో పాలుపంచుకున్నారు. వారి పేర్లు చెప్పకుండా ఈ రికార్డు గురించి మాట్లాడటం సరికాదు.

ప్రశ్న: ఇదే మొదటి ఎలక్ట్రానిక్ ఆల్బమా?

కాదు. ఒక్క ఏడాది ముందు, 1967లోనే మార్టన్ సబోట్నిక్ బుక్లా సింథసైజర్‌తో చేసిన పూర్తి నిడివి రచన రికార్డుగా వచ్చింది. దానికీ ముందు విశ్వవిద్యాలయ స్టూడియోల్లో టేపు సంగీతం ఏళ్ల తరబడి సాగింది. కార్లోస్ కూడా న్యూయార్క్‌లో వ్లదీమిర్ ఉసాచెవ్‌స్కీ దగ్గర ఆ సంప్రదాయంలోనే చదువుకున్నారు. తేడా ఎక్కడంటే, సింథసైజర్ రాగాన్నీ లయనూ పట్టుకుని జనం కూర్చుని వినే సంగీతం చేయగలదని లక్షలమందికి తెలిసింది ఈ రికార్డుతోనే. బిల్‌బోర్డ్ ప్రధాన ఆల్బమ్ జాబితాలో ఇది 10వ స్థానం దాకా వెళ్లింది. 1970లో మూడు గ్రామీలు అందుకుంది, అందులో ఒకటి ఉత్తమ శాస్త్రీయ ఆల్బమ్‌కు. ఇటలీకి చెందిన డిస్కో సంగీత నిర్మాత జార్జియో మొరోడర్ మోగ్ వైపు మళ్లింది ఈ రికార్డు విన్నాకే. డిస్కో నుంచి ఇప్పటి నృత్య సంగీతం దాకా ఒక దారి అక్కడ మొదలైంది. జపాన్‌లో స్వరకర్త ఇసావో తొమిత మోగ్ కొనుక్కుని 1974లో డెబ్యుసీ రచనలతో ఆల్బమ్ తెచ్చారు. అదీ ఈ బాటలోనిదే.

ప్రశ్న: నా దగ్గర పాత అనలాగ్ మోనో సింథ్ ఉంది. మధ్య స్వరాన్ని శ్రుతి చేసినా పై స్థాయికి వెళ్లేసరికి తప్పుతోంది. కాసేపటికి అంతా కలిసి జారిపోతోంది. కార్లోస్ దీన్ని ఎలా నెట్టుకొచ్చారు?

మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. ముందు వాటిని విడదీయాలి.

మోగ్ పద్ధతిలో కీబోర్డు వోల్టేజీ 1 వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి (ఆక్టేవ్) పైకి వెళ్తుంది. అంటే ఒక అర్ధస్వరానికి 83.3 మిల్లీవోల్టులు, అందులో నూరో వంతైన ఒక సెంటుకు 0.83 మిల్లీవోల్టు. ఈ సరళమైన వోల్టేజీని, స్థాయికి రెట్టింపయ్యే పౌనఃపున్యంగా మార్చే పని ట్రాన్సిస్టర్లది. ఆ మార్పిడి ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. గది వేడి దగ్గర ఒక్క సెల్సియస్ డిగ్రీ తేడాకు దాదాపు 0.33 శాతం. దాన్ని సరిదిద్దే భాగం సర్క్యూట్లో లేకపోతే, ఆధార స్వరానికి ఒక స్థాయి దూరంలో 4 సెంట్లు, మూడు స్థాయుల దూరంలో 12 సెంట్లు తప్పుతుంది. 440 హెర్ట్జ్ దగ్గర 12 సెంట్ల తేడా అంటే, సరైన స్వరంతో కలిపి వినిపిస్తే శబ్దం సెకనుకు మూడుసార్లు పెరిగి తగ్గుతూ అలలు కొడుతుంది. ఎవరి చెవికైనా పట్టుబడుతుంది. దూరం పెరిగేకొద్దీ తప్పు పెరిగితే అది స్కేల్ దోషం. అన్ని స్వరాలూ ఒకే మేర జరిగితే అది ఆఫ్‌సెట్ దోషం.

చాలామంది ఒక్క మీట దగ్గర శ్రుతి చేసి ఊరుకుంటారు. అది ఆఫ్‌సెట్‌ను మాత్రమే సరిచేస్తుంది. ఇలా చేయండి. సింథ్‌ను ఆన్ చేసి కనీసం గంటసేపు వదిలేయండి. ఫ్యాను గాలి, కిటికీ ఎండ నేరుగా తగలకుండా చూడండి. స్థిరమైన డిజిటల్ స్వరాన్ని పక్కన వినిపిస్తూ, కింది స్వరాన్ని ఆఫ్‌సెట్ నాబ్‌తో అలలు ఆగేదాకా సరిచేయండి. రెండు స్థాయులు పైకి వెళ్లి, అక్కడి తేడాను స్కేల్ ట్రిమ్‌తో దిద్దండి. స్కేల్ తిప్పగానే కింది స్వరం మళ్లీ కదులుతుంది. కిందికొచ్చి ఆఫ్‌సెట్, పైకెళ్లి స్కేల్, ఇలా మూడు నాలుగు విడతలు చేస్తే రెండు చివరలూ కుదురుతాయి. పై స్వరాలు మరీ ఎత్తులో కొంచెం తగ్గి పలికితే అది వేరే కారణం. ఆసిలేటర్ తనను తాను రీసెట్ చేసుకునే కొద్దిపాటి కాలం అక్కడ లెక్కలోకి వస్తుంది. ఆ చోటును వాడకుండా ఫుట్ (ఆసిలేటర్ స్థాయిని మార్చే స్విచ్) మార్చి, కింది మీటల మీద వాయించడం మేలు.

ఇక జారిపోవడానికి అప్పట్లో ఉన్న విరుగుడు ఒకటే: కొద్దికొద్దిగా రికార్డు చేయడం. కొన్ని కొలమానాలు (బార్లు) వాయించడం, ఆపడం, శ్రుతి సరిచూడటం, మళ్లీ అందుకోవడం. మీరూ అలాగే చేయండి. ప్రతి ముక్క మొదట్లోనూ చివర్లోనూ శ్రుతి చూడండి. చివర్లో 3 సెంట్లకు మించి తేడా ఉంటే ఆ ముక్క దాచుకోవద్దు. అప్పటికి బాగానే అనిపిస్తుంది. నాలుగో గొంతు (విడి స్వరగీత) చేరాక మొత్తం శ్రుతి తప్పినట్టు వినపడుతుంది, అప్పటికి దోషి ఎవరో వెతకడం కష్టం.

ప్రశ్న: లాప్‌టాప్‌లో సాఫ్ట్ సింథ్ ఉంది. ఆల్బమ్‌లో ఉన్న ఎఫ్ మేజర్ రెండు గొంతుల ఇన్వెన్షన్‌ను (బాఖ్ కీబోర్డు కోసం రాసిన చిన్న రచన) నేనూ చేశాను. స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, కానీ వీడియో గేమ్ సంగీతంలా నిర్జీవంగా ఉంది. ఏం చేయాలి?

మంచి రచనే ఎంచుకున్నారు. కార్లోస్, ఫోక్‌మన్ తొలి ప్రయత్నాల్లో ఒకటి అదే. మొత్తం 34 కొలమానాలు, రెండే గొంతులు, దాచుకోవడానికి ఎక్కడా చోటు లేదు. తప్పు దాదాపుగా ధ్వనిలో ఉండదు, స్వరాల పొడవులో ఉంటుంది.

మొదట సింథ్‌ను మోనోలో పెట్టండి. స్వరాలను తెగకుండా కలిపే లెగాటో తీసేసి, ప్రతి స్వరానికీ ఎన్వలప్ కొత్తగా మొదలయ్యేలా చూడండి. పాలీ మోడ్‌లో ఒక స్వరం తోక మరో స్వరం మీదికి పాకుతుంది, పరుగులన్నీ అలుక్కుపోతాయి. పై గొంతుకు సా వేవ్ ఒకటి, 30 శాతం వెడల్పున్న పల్స్ ఒకటి, రెంటి మధ్య 3, 4 సెంట్ల తేడా చాలు. అంతకు మించితే కోరస్‌లా ఊగుతుంది, రెండు గొంతులు విడిగా వినపడవు. ఫిల్టర్ 24 డెసిబెల్ లో-పాస్, కటాఫ్ 800 హెర్ట్జ్ దగ్గర, ఎన్వలప్ దాన్ని 3 కిలోహెర్ట్జ్ దాకా లేపేలా. ఆంప్లిఫయర్‌కు అటాక్ 4 మిల్లీసెకన్లు, డికే 250, సస్టెయిన్ సగం, రిలీజ్ 50. స్వరం ఎత్తుతోపాటు కటాఫ్‌ను కదిపే కీ ట్రాకింగ్ 60 శాతం దాకా పెట్టండి. అది సున్నా మీద ఉంటే, వెయ్యి హెర్ట్జ్ దాటిన స్వరాలకు మూల పౌనఃపున్యమే కటాఫ్‌కు పైన పడి గొంతు పూడుకుపోతుంది. కింది గొంతుకు వేరే రంగు కావాలి: సగం వెడల్పు పల్స్, డికే 180. పానింగ్‌లో కుడికీ ఎడమకూ 30 శాతం చొప్పున జరపండి. పూర్తిగా చివరలకు నెట్టేస్తే రెండు గొంతులు ఒకదానికొకటి జవాబిస్తున్నట్టు కాక, రెండు వేర్వేరు గదుల్లో ఉన్నట్టు ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. నడక నిమిషానికి 100 బీట్లు అనుకుంటే ఎనిమిదో వంతు స్వరానికి 300 మిల్లీసెకన్లు, పదహారో వంతుకు 150. మొదటి కొలమానంలో ఎగిరే ఎనిమిదో వంతులను 140 నుంచి 170 మధ్యలో తెంచండి. తర్వాతి పరుగులో పదహారో వంతులను 120 దాకా నిలపండి. మౌస్‌తో అన్నిటికీ ఒకే పొడవు పెట్టేస్తే మీరు చెప్పిన నిర్జీవత వస్తుంది. కొలమానం మొదటి స్వరానికి 10, 15 మిల్లీసెకన్లు ఎక్కువ ఇవ్వండి. పరుగు చివరి స్వరాన్ని తర్వాతి అడుగుకు ముందు కొంచెం కత్తిరించండి. కొలమానం మొదలైన చోటు ఆ చిన్న ఖాళీ వల్లే చెవికి తెలుస్తుంది. వెలాసిటీని (మీట పడిన వేగాన్ని) శబ్దం కంటే ఫిల్టర్‌కు ఎక్కువగా కలపండి. గట్టిగా పడిన స్వరం కాస్త మెరిస్తే చాలు, పెద్దగా అరవనక్కర్లేదు.

ఒక కొలమానం తర్వాత కింది గొంతు అదే మాటను ఒక స్థాయి కింద అందుకుంటుంది. పైన ఎలా తెంచారో కింద కూడా అలాగే తెంచాలి. ఇక్కడ పొడవులు వేరైతే అది అనుకరణ అని వినేవారికి అందదు.

నెమ్మదిగా వాయించి తర్వాత వేగం పెంచే అలవాటు ఉంటే ఒక జాగ్రత్త. స్వరాల పొడవులు నడకతోపాటు కుదించుకుపోతాయి, ఎన్వలప్ కాలాలు మాత్రం కదలవు. 60 దగ్గర అందంగా తెగిన స్వరం 100 దగ్గర డికే పూర్తికాకుండానే ఆగిపోతుంది. పొడవుల చివరి దిద్దుబాటు అసలు వేగంలోనే చేయాలి.

రివర్బ్ ఆఖర్న వేయండి. ముందే వేస్తే ఏ స్వరం ఎక్కడ తెగిందో మీకే వినపడదు.

ఇదంతా కుదిరాక కార్లోస్ ఇష్టంగా వాడిన హాకెట్ ప్రయత్నించవచ్చు: ఒకే పరుగులోని స్వరాలను వంతులవారీగా రెండు రంగుల మధ్య పంచడం. రెండు ధ్వనుల అటాక్ కాలాలు ఒకటే ఉండాలి. ఒకటి 4, మరొకటి 14 ఉంటే పరుగు కుంటుతుంది. శబ్దం బాగా తగ్గించి, స్టీరియో తీసేసి వినండి. రంగు మారుతున్నా గీత తెగకుండా సాగితే పని అయినట్టే.

ప్రశ్న: బ్రాండెన్‌బర్గ్ కన్సర్టో 3లో మధ్య భాగం ఇతర రికార్డింగుల్లో కొన్ని సెకన్లే ఉంది, ఇందులో మాత్రం పొడుగ్గా, వింతగా ఉంది. బాఖ్ రాసింది ఏది?

బాఖ్ రాసింది రెండే కార్డులు, ఒకే కొలమానం. 1721లో అంకితమిచ్చిన ప్రతిలో అడాజియో అన్న మాట కింద అంతే ఉంటుంది. కొందరు ఆ రెండు కార్డులూ వాయించి మూడో భాగంలోకి వెళ్లిపోతారు. కొందరు హార్ప్సికార్డ్ మీదో వయొలిన్ మీదో కాసేపు స్వేచ్ఛగా అల్లి, వాటితో ముగిస్తారు. కార్లోస్ ఆ ఖాళీని సొంతంగా నింపారు. మొదటి, మూడో భాగాల్లో ప్రతి గీతా బాఖ్‌దే కాబట్టి, సింథసైజర్ తన సొంత గొంతుతో మాట్లాడేందుకు రికార్డు మొత్తంలో దొరికిన చోటు ఇదొక్కటే. అక్కడ వయొలిన్‌నో ఓబోనో తలపించాలన్న ప్రయత్నం ఉండదు. బాఖ్ అభిమానుల్లో కొందరికి ఇది రుచించదు. మాకు మాత్రం, ఆనాటి బరోక్ వాద్యకారులకు ఉన్న స్వేచ్ఛను సరిగ్గా అర్థం చేసుకున్న చోటు ఇదే అనిపిస్తుంది. ఇదే కన్సర్టో చివరి భాగాన్ని రికార్డు విడుదలైన రోజుల్లో రాబర్ట్ మోగ్ ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సమావేశంలో వినిపించారు. ఇంజనీర్లంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ప్రశ్న: పాత ఎల్పీ కొందామంటే ఒకదానిపై బాఖ్ వేషధారి కూర్చుని, మరోదానిపై నిలబడి ఉన్నాడు. ఒకదానిపై వాల్టర్ కార్లోస్, ఇంకోదానిపై వెండీ కార్లోస్. ఏది కొనాలి?

వ్యక్తి ఒకరే. తొలి ముద్రణలు పాత పేరుతో వచ్చాయి. 1979లో ఆమె తాను ట్రాన్స్ మహిళనని పత్రికాముఖంగా చెప్పారు. ఆ తర్వాతి ముద్రణలపై వెండీ అని ఉంటుంది. మనం రాసేటప్పుడు వెండీ అనే రాయాలి. స్టీరియో ఎల్పీ సంఖ్య ఎంఎస్ 7194.

కూర్చున్న బొమ్మ ముందుది. వేషధారి వెకిలి ముఖం కార్లోస్‌కూ ఎల్కైండ్‌కూ నచ్చక మార్పించారు. ఆ బొమ్మను దగ్గరగా చూడండి. ఇయర్‌ఫోన్ తీగ 914 ఫిల్టర్ బ్యాంక్‌లో అవుట్‌పుట్‌కు బదులు ఇన్‌పుట్‌లో గుచ్చి ఉంటుంది. ఆ ఫిల్టర్‌కు మరే మాడ్యూల్ నుంచీ తీగ రాదు. అంటే అందులో వినపడేది నిశ్శబ్దమే.

వినడానికే అయితే అట్ట చూడకండి, గాడి చూడండి. వెలుగును పక్కవాటుగా పట్టి, లోపలి గాడుల్లో బూడిదరంగు అరుగుదల ఉంటే వదిలేయండి. సింథ్ ధ్వనిలో హెచ్చు పౌనఃపున్యాలు ఎక్కువ, లోపలి గాడుల అరుగుదల అక్కడే గరగరలాడుతుంది. సీడీ కావాలంటే 1999లో వచ్చిన పెట్టె సెట్ వెతకండి. 1992 నాటి ‘స్విచ్డ్ ఆన్ బాఖ్ 2000’ డిజిటల్ వాద్యాలతో, పాత శ్రుతి పద్ధతులతో కొత్తగా వాయించింది. అసలు రికార్డు అనుకుని కొని నిరాశపడొద్దు.

ప్రశ్న: నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద ఈ పద్ధతి సాధ్యమేనా? బ్రాండెన్‌బర్గ్ 3లో పది గీతలున్నాయి కదా.

మూడు వయొలిన్లు, మూడు వియోలాలు, మూడు చెల్లోలు, కింద కంటిన్యువో (ఆధారంగా సాగే మంద్ర గీత): పది. నాలుగు ట్రాకుల మీద సరిగ్గా పది ఎక్కించవచ్చు. 1, 2, 3 ట్రాకులు నింపి, వాటిని కలిపి నాలుగో ట్రాకుకు పంపుతూ, అదే సమయంలో మరో గీత వాయించండి. నాలుగు అయ్యాయి. 1, 2 కొత్తగా నింపి, ఇంకో గీత వాయిస్తూ మూడుకు పంపండి. ఏడు. 1 నింపి, మరొకటి వాయిస్తూ రెండుకు. తొమ్మిది. ఖాళీ అయిన 1లో పదోది.

క్యాసెట్ యంత్రాల్లో రికార్డుకూ వినికిడికీ హెడ్ ఒకటే కనుక, మొదట్లో చెప్పిన ఆలస్యం ఉండదు. ఇబ్బంది హిస్‌తోనే, అంటే టేపు చేసే బుస శబ్దంతోనే. మూడు ట్రాకులు కలిపితే వాటి హిస్ దాదాపు 4.8 డెసిబెల్ పెరుగుతుంది, బదిలీ అయిన ప్రతిసారీ పదును తగ్గుతుంది. కాబట్టి చెల్లోలూ వియోలాలూ మొదటి బదిలీల్లోకి, మొదటి వయొలిన్ ఆఖర్న. పక్క ట్రాకుకు పంపేటప్పుడు హెడ్‌లో సంకేతం కారి కీచుమని ఊళ వేస్తే, పంపే ట్రాకుల ట్రెబుల్ కాస్త దించండి. బదిలీ చేశాక లోపలి గీతల పాలు మార్చడానికి వీల్లేదు. తర్వాత చేరే గీతల కింద అవి ఎలాగూ మునుగుతాయి కాబట్టి, ఆ సమయంలో వాటిని మీకు సరిపోయిందనిపించిన దానికన్నా 1, 2 డెసిబెల్ పైనే ఉంచండి.